దొడ్డిమన్ను

మందలు మేపుకునే ఇళ్లలో ఎదురుపడినప్పుడు ముందుగా అడిగేది మనుషుల గురించి కాదు. "జీవాలు బాగుండాయా?" అని అడుగుతారు. గొర్రెలూ మేకలూ బాగుంటే మనుషులు బాగున్నట్టే. ఎక్కడికి, ఎందుకు, అన్నం తిన్నావా అన్న మాటలన్నీ ఆ తర్వాతే. రాయచెర్లు రంగక్క యాభై ఎనిమిదేళ్లుగా ఈ ప్రశ్న వింటూ, తనూ అడుగుతూ వచ్చింది. ఒకప్పుడు "నూటా పది ఉండాయి, బాగుండాయి" అనేది. తర్వాత కొన్నేళ్లు "రెండుండాయి" అంది. ఈ ఏడు ఉగాది దాటినప్పటి నుంచి "ఉండాది" అని ఒక్క మాట చెప్పి, వేరే సంగతి ఎత్తుకుంటోంది.

ఆ ఉన్నది బొల్లి. నల్ల గొర్రె, నుదుటి మీద రూపాయంత తెల్లమచ్చ.

పిల్లలు కలగలేదు రంగక్కకు. మొగుడు గుండప్ప, సోలార్ పార్కు రావడానికి రెండేళ్ల ముందు గుండె పట్టుకుని గొర్రెల దొడ్డిలోనే కూలబడి ప్రాణం వదిలాడు. ఆ తర్వాత ఊరి చుట్టూ చేలు సోలార్ కంపెనీకి కౌలుకు పోయాయి. మంద తిరిగే బీళ్లకు ఇనుప కంచె పడింది. కంచె లోపల గడ్డి బాగానే మొలిచేది గానీ దాన్ని మిషన్లతో కోసేవాళ్లు. మందను వారం సంతకు కొంత, వారం సంతకు కొంత తోలి అమ్మింది రంగక్క. బొల్లినీ దాని తోబుట్టువు కర్రినీ మాత్రం ఉంచుకుంది. ఎందుకని అడిగితే "ఇంటి ముందర ఏదో ఒకటి కదలాల కదా" అనేది.

ఉగాది పోయిన వారానికి కర్రిని పాము ముట్టింది.

మేక ఒంటిగా బతుకుతుంది, కుక్క బతుకుతుంది. గొర్రె బతకదు. గొర్రె తల వంచి మేయాలంటే పక్కన ఇంకో గొర్రె తల వంచి ఉండాలి. కర్రి పోయిన నాటి నుంచి బొల్లి తల ఎత్తుకునే ఉంది. తెచ్చి పోసిన వేరుశనగ కట్టె, కాయలు పీకిన ఎండుమేత, పోసినట్టే ఉండేది. నాలుగో రోజుకి పక్కటెముకలు లెక్కకు వచ్చాయి. గుండప్ప చిన్నాయన కొడుకు మల్లేశప్ప నిడుగల్లు నుంచి పరామర్శకు వచ్చినప్పుడు, "నా మందలో కలిపేస్తా ఇయ్యి వదినా" అన్నాడు. అతనికి ఎనభై జీవాలున్నాయి. రంగక్క అతని మీద కేకలేసి పంపించింది.

ఆరో రోజు బొల్లి తాడు తెంపుకుంది. వెతుక్కుంటూ పోతే ఇంటి వెనక కంపెనీ వాళ్ల స్టోరు షెడ్డు దగ్గర దొరికింది. కరెంటు సరిగా ఇవ్వడం లేదని ఊడదీసిన సోలార్ ప్లేట్లు ఏడెనిమిది అక్కడ గోడకు నిలువుగా ఆనించి ఉన్నాయి. వాటి ముందు బొల్లి తల వంచి గరిక మేస్తోంది. నల్లటి ఆ గాజులో ఇంకో నల్ల గొర్రె తల వంచి మేస్తోంది.

రంగక్క చాలాసేపు దూరంగానే నిలబడింది. తర్వాత ఇంటికి పోయి వేరుశనగ కట్టె మోపు తెచ్చి ఆ ప్లేటు ముందర పోసింది. ఆ రోజు నుంచి బొల్లి మేత అక్కడే. పొద్దున్నే పోయి, చుట్టుపక్కల ఎవరూ లేరని చూసుకుని, కొంగుతో ఆ గాజు మీది దుమ్ము తుడిచి వచ్చేది రంగక్క. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. గొర్రెను మోసం చేసి బతికిస్తున్నానని ఎవరికని చెప్పుకుంటుంది?

*

దసరా అయిన తర్వాత ఒక పొద్దున పార్కు సెక్యూరిటీ గోపికృష్ణ ఒక అమ్మాయిని వెంటబెట్టుకుని వచ్చాడు. ప్యాంటు, పెద్ద టోపీ, వీపున సంచి. పేరు చైత్ర. పావగడలో శనేశ్వరుని గుడి వీధి పిల్లే. బెంగళూరులో పెద్ద చదువు చదువుతోంది.

"రంగక్కా, ఈ మేడమ్ రాళ్లు చూడాలంట" అన్నాడు గోపికృష్ణ.

"రాళ్లకేం కొదవప్పా మన పావగడలో? వానకు గదా కొదవ."

"అన్ని రాళ్లూ కాదక్కా" అంది చైత్ర. "తెల్లగా ఉండి, వెలుతురు లోపలికి పోతాది చూడు, అట్లాంటివి."

"పలుగురాళ్లు. బోడిగుట్ట మింద కావాల్సినన్ని. యాందుకు పాపా, దేవునికా?"

చైత్ర మాటల కోసం ఆగింది. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, కాలేజీలో ఇంగ్లీషు. తను చేసే పని గురించి తెలుగులో చెప్పాల్సిన అవసరం ఆమెకు ఇంతవరకు రాలేదు.

"మంగళ గ్రహం ఉండాది కదా రంగక్కా, ఆకాశంలో ఎర్రగా. ఆడ ఎనకటికి జీవాలు ఉండినాయేమో అని సంశోధనె, అదే పరిశోధన, చేస్తాండాం."

కొడవలి పదును పెడుతున్న రంగక్క చెయ్యి ఆగింది.

"జీవాలా?"

"ఊఁ. ఇప్పుడు లేవనుకో. మున్నూరు కోట్ల ఏండ్లకు ముందు ఉండినాయేమో అని."

"మేపినోళ్లెవరు?"

చైత్రకు అర్థం కాలేదు. "మేపేదేంది?"

"జీవాలన్నంక మేపాల కదా పాపా. ఆడ మేత యాడిది? నీళ్లు యాడివి?"

"నీళ్లుండినాయి రంగక్కా. ఏర్లు పారినట్ల, చెరువులు నిలిచినట్ల గుర్తులుండాయి."

"అట్లయితే మేతా ఉంటాది" అని తల ఊపింది రంగక్క. "ఎన్ని ఉండినాయంట?"

గోపికృష్ణ ఇంక ఆపుకోలేకపోయాడు. కంచె స్తంభం పట్టుకుని నవ్వసాగాడు. "మేడమ్, ఆయమ్మ గొర్రెలనుకుంటాండాది! మా కాడ జీవాలంటే గొర్రెలు, మేకలు."

చైత్ర కూడా నవ్వింది. నవ్వి, వెంటనే నాలుక కరుచుకుని రంగక్క పక్కన చతికిలబడింది. "అవి కాదు రంగక్కా. కంటికి కనబడనంత సన్నవి. ఒళ్లంతా ఒకటే చుక్క. కాళ్లు లేవు, నోరు లేదు."

రంగక్కకు సిగ్గేసింది గానీ వెనక్కి తగ్గలేదు. "సన్నవైతే మాత్రం? ఏమో ఒకటి తినాల కదా?"

"తింటాయి. కొన్ని రాతినే తింటాయి. కొన్ని వెలుతురు తింటాయి."

"వెలుతురు తినేవి మా చేన్లో గూడా నిలబడుకోనుండాయి చూడు" అని కొడవలితో కంచె అవతలి ప్లేట్ల వరసలు చూపించింది రంగక్క. "పేడ గూడా ఎయ్యవు."

ఈసారి గోపికృష్ణ నవ్వింది కంపెనీ మీద. ఎవరైనా విన్నారేమోనని అటూ ఇటూ చూసి, బండి ఎక్కి వెళ్లిపోయాడు.

*

బోడిగుట్ట కౌలుకు పోలేదు. రాయి ఎక్కువని కంపెనీ వాళ్లు వదిలేశారు. ఊళ్లో మిగిలిన బయలు అదొక్కటే. గుట్ట వాలులో ఎర్రమన్ను మీద పలుగురాళ్లు ఆరబోసిన పేలాల్లా ఉంటాయి. రంగక్క ఒంగి ఒక రాయిని తిరగేసింది. మన్నులో పూడిన వైపు, అంచు చుట్టూ, ఆకు నూరి పూసినట్టు పచ్చటి పొర.

చైత్ర మోకాళ్ల మీద కూలబడింది. "నీకు ముందే తెలుసా ఇది?"

"కరువేడు జీవాలు వీటిని మూతితో తిరగేసి నాకేవి. ఆ పచ్చే అది. పైన మండిపోతాంటాది. కింద దాచిపెట్టుకోని బతుకుతాది."

చైత్ర ఏడాది నుంచి పుస్తకాల్లో చదువుకుంటున్న మాట అది. చైత్ర నోటుపుస్తకం తీసి ఏదో రాసుకుంది. రాసుకుని ఆ రాయిని పక్కన పడేయబోతే రంగక్క చెయ్యి పట్టుకుంది.

"యట్ల ఉండిందో అట్లే పెట్టు. తిరగేసినోళ్లే పెట్టాల. పచ్చ కిందికి పోవాల."

ఎనిమిది రోజులు పనిచేశారు. రంగక్క ముందు నడిచి రాయి చూపించడం, చైత్ర తిరగేసి గీరి చిన్న సీసాలో వేసుకోవడం, మళ్లీ రాయిని దాని గుంటలో కూర్చోబెట్టడం. మధ్యాహ్నం రాగిసంకటి ముద్ద ఇద్దరూ పంచుకునేవారు. రంగక్కకు ఎదుటి మనిషితో కూర్చుని తిని ఎంత కాలమైందో గుర్తు రాలేదు. మొదటి రెండు రోజులు ముద్ద పెద్దదైపోయింది. మూడో రోజుకి సరిగ్గా ఇద్దరికి సరిపోయేంత చేయి తిరిగింది.

తింటూ చైత్ర చెప్పేది. అంగారకుడు ఒకప్పుడు ఇట్లా ఎండి పోయి లేడని, దాని మీద గాలి మందంగా ఉండేదని, ఏళ్లు గడిచేకొద్దీ గాలి పలచబడి నీళ్లు ఇంకి, ఎగిరి పోయాయని. అక్కడ ఏదైనా పుట్టి ఉంటే ఎండేటప్పుడు ఈ పచ్చలాగే రాళ్ల కిందికి, రాతి లోపలికి దూరి ఉంటుందని. అందుకే ఇక్కడి రాళ్ల కింద ఏది ఎట్లా దాక్కుంటుందో చూస్తున్నామని.

"కుజుడే కదా ఆయన?" అంది రంగక్క. "శనేశ్వరుని గుడిలో తొమ్మిది మంది నడుమ ఉంటాడు చూడు. కుజదోషమని చెప్పి నా పెండ్లి రెండేండ్లు నిలబెట్టినాడు. ఆయప్ప కాడ అన్ని నీళ్లు ఉండినాయా! ఉండి పోగొట్టుకున్నోడు గనుకనే అంత కడుపుమంట."

చైత్ర పొలమారేలా నవ్వింది. తర్వాత శుక్రుడి గురించి చెప్పింది. అక్కడ కూడా మొదట్లో సముద్రాలు ఉండి ఉండొచ్చని కొందరు అంటారని, కాదని కొందరు అంటారని. ఇప్పుడు మాత్రం సీసం కరిగి నీళ్లయ్యేంత వేడని.

"శుక్రుడంటే ఏది?"

"తెల్లారకముందు తూర్పున మెరస్తాది చూడు. ఒక్కోసారి మాపటేల పడమట."

"ఏగుచుక్క" అంది రంగక్క. ముద్ద నోట్లోకి పోలేదు. ఆ చుక్క చూసే గుండప్ప మందను లేపేవాడు. ఆ చుక్క చూసే తను పొయ్యి వెలిగించేది. అన్నేళ్లూ దాన్ని చల్లటిదనుకుంది. "ఎవరూ లేరా ఆడ?"

"ఉండిన్నారేమో. పైన మబ్బుల్లో ఏమన్నా మిగిలుండాయేమో. తెలీదు రంగక్కా."

"మీ చదువులో ఈ తెలీదు అనే మాట శానా ఉండాదే."

"అదే మా చదువు. ఉండింటాది అనేదానికీ ఉండాది అనేదానికీ నడుమ నా జీతం గడస్తాంది."

ఇంకో రోజు చైత్ర ఇంకా దూరం పోయింది. ఎక్కడి నుంచో పెద్ద రాయి వచ్చి అంగారకుణ్ణి గుద్దితే, ఆ దెబ్బకు అక్కడి రాళ్లు లేచి, లక్షల ఏళ్లు ఆకాశంలో తిరిగి తిరిగి మన భూమి మీద పడ్డాయట. అట్లాంటివి దొరికాయట. అక్కడ ముందే జీవం పుట్టి, ఆ రాళ్లలో ఏదైనా చావకుండా వచ్చి ఇక్కడ తగులుకుని ఉంటే, మనందరి పుట్టిల్లు అదేనట.

"కరువొస్తే మందను తోలుకోని ఊరు ఇడిసినట్ల" అంది రంగక్క.

"తోలుకోని వచ్చినోళ్లెవరూ లేరు. రాయే తెచ్చింది. తెచ్చింటే."

రంగక్క పక్కనున్న ఎర్రమన్ను పిడికెడు చేతిలోకి తీసుకుంది. "అట్లయితే అది దొడ్డిమన్ను."

"అంటే?"

"మా కాడ జీవాన్ని ఇంకోరికి ఇస్తే ఉత్తగా ఇయ్యం. పుట్టిన దొడ్డిలోది పిడికెడు మన్ను గూడా పంపిస్తాం. కొత్త దొడ్డిలో దాన్ని చల్లి, ఆ మింద నడిపిస్తేనే జీవం ఆడ కుదురుకుంటాది. లేకుంటే తాడు తెంపుకోని పాత చోటికే వస్తాది. నువ్వు చెప్పే రాయి అదే పాపా. ఎవరో పంపినారో, దానంతట అదే వచ్చిందో గానీ, దొడ్డిమన్నే."

"మా గురువులకు చెప్తా ఈ మాట."

"వద్దులే. నవ్వుతారు."

*

ఏడో రోజు చైత్ర పొద్దున్నే వచ్చేసింది. రంగక్క ఇంట్లో లేదు. వెనక షెడ్డు దగ్గర కొంగుతో సోలార్ ప్లేటు తుడుస్తూ కనబడింది. పక్కన బొల్లి ప్లేటుకేసి మూతి పెట్టి మేస్తోంది.

"రంగక్కా, నీ గొర్రె అద్దంలో దాన్నే చూసుకోని మేస్తాండాది!"

"అవునా?" అంది రంగక్క, తనకు తెలియనట్టు. ఆ అబద్ధం అతకలేదు. చేతిలో దుమ్ముకొంగు ఉంది.

చైత్ర నవ్వలేదు. గోడ నీడలో కూర్చుని, తను విన్న ఒక సంగతి చెప్పింది. మంచు దేశంలో దొరికిన ఒక అంగారకుడి రాతిలో పురుగుల్లాంటి సన్నటి ఆకారాలు కనబడ్డాయట. ఇంకేముంది, జీవం దొరికిందన్నారు కొందరు. లోకమంతా చెప్పారు. తర్వాత చూసినవాళ్లు, జీవం లేకపోయినా రాతిలో అట్లాంటివి ఏర్పడతాయన్నారు. ఆ వాదం నడుస్తూనే వచ్చిందట. "మా సారు ఒక మాట అంటాడు. ఒంటిగా ఉన్నోనికి రాతిలో గూడా తోడు కనబడతాదంట. అందుకే మేం కనబడిన దాన్ని ముందు నమ్మగూడదు."

"దానికి తెలీదు పాపా" అంది రంగక్క బొల్లి వైపు చూస్తూ. "తెలిసింది నాకు. నాకు తెలిసీ తుడుస్తాండా."

చైత్ర లేచి, చేతిరుమాలుతో ఆ ప్లేటు పైభాగం, రంగక్కకు అందనిది, తుడిచింది.

మరుసటి రోజు పని ముగిసింది. చైత్ర తన నంబరు రంగక్క ఫోనులో ఎక్కించి, రెండో మీట నొక్కి పట్టుకుంటే తనకు పోతుందని చూపించింది.

"ఎత్తి హలో అనొద్దు" అంది రంగక్క. "మా కాడ ముందు జీవాలు బాగుండాయా అనాల."

"అట్లే అంటా."

షేర్ ఆటో మలుపు తిరిగేదాకా ఆమె టోపీ కనబడింది. ఆ మధ్యాహ్నం రంగక్క సంకటి ఇద్దరికి సరిపడా చేసింది. చేసి, సగం కుండలోనే ఉంచేసింది.

*

కార్తీకం మొదలైన వారానికి లారీ వచ్చింది. షెడ్డు గోడకు ఆనించిన ప్లేట్లు ఒక్కొక్కటే ఎక్కిస్తుంటే రంగక్క గోపికృష్ణ దగ్గరికి పోయింది.

"ఒకటి ఇడిసిపెట్టప్పా. పనికి రానిదే కదా."

"పనికి రానిదైనా నంబరుంటాది రంగక్కా. ఆడ లెక్క కలవకుంటే నా ఉద్యోగం పోతాది." అతను తల గోక్కున్నాడు. "యాందుకు నీకు?"

రంగక్క తిరిగి ఇంటి వైపు నడిచింది. లారీ పోయాక గోడ ఉత్త గోడ అయింది. బొల్లి వచ్చి ఎప్పటి చోట నిలబడింది. సున్నం పోయిన ఆ గోడ ముందు చాలాసేపు ఎదురుచూసింది. తల దించలేదు.

రంగక్క ఇంట్లోకి పోయి గుండప్ప గడ్డం గీసుకునే అద్దం తెచ్చి గోడకు మేకు కొట్టి తగిలించింది. అరచేయంత అద్దం. బొల్లికి అందులో కనబడింది ఒకే ఒక్క కన్ను. బెదిరి, నాలుగడుగులు వెనక్కి దూకి, మళ్లీ దాని దగ్గరికి రాలేదు.

ఒక రోజు, రెండు రోజులు. వేరుశనగ కట్టె అలాగే ఉంది. మూడో రోజు సాయంత్రం రంగక్క అటూ ఇటూ చూసి గుండప్ప నల్ల కంబళిని తల నుంచి కప్పుకుంది. బొల్లి పక్కన మోకాళ్ల మీద, అరచేతుల మీద ఒంగింది. మేతలో మూతి పెట్టినంత పని చేసి, పెదాలు ఆడిస్తూ ఉండిపోయింది. కంబళిలో ఇంకా జీవాల వాసన ఉంది. కాసేపటికి పక్కనుంచి శ్వాస తగిలింది. బొల్లి తల దించింది. రెండు పోచలు కొరికింది. నమిలింది.

రంగక్క కదల్లేదు. మోకాళ్లలో నిప్పులు పోసినట్టుంది. ఎంతసేపు ఉండగలదు? రేపు? ఎల్లుండి? ఆమెకు దగ్గు వచ్చింది. మనిషి దగ్గు విని బొల్లి తల ఎత్తేసింది. ఎత్తి, కంబళి కింది ముఖాన్ని చూసింది. మేత మళ్లీ ముట్టలేదు.

కంచె అవతల గోపికృష్ణ బండి ఆగి ఉంది. ఆమె చూసేసరికి అతను వేరేవైపు తిరిగి, అవసరం లేకపోయినా ఫోనులో మాట్లాడుతున్నట్టు నటించాడు.

రంగక్క లేచి కంబళి దులిపి మడత పెట్టింది. మల్లేశప్పకు ఫోను చేసి, ప్లేటు సంగతితో సహా అంతా చెప్పింది.

*

మల్లేశప్ప పొద్దునకల్లా లగేజీ ఆటోతో వచ్చాడు. దిగుతూనే, "జీవాలు బాగుండాయా వదినా?" అని అలవాటు ప్రకారం అడిగి, బొల్లిని చూసి ఆపేశాడు. తర్వాత ఆ మాటను కప్పెట్టడానికి నవ్వాడు. "కంపెనీవాళ్లు మీ బొల్లికి నిలువుటద్దం పెట్టిన్నారంటనే? ఈ సోకుకు మా నిడుగల్లు గొర్రెలు సరిపోతాయో లేదో!"

"నీ ఎనభైలో ఒక్కదానికన్నా ముఖం కడుగుతావా నువ్వు? ముందు నీది కడుక్కో."

 ఆమె బొల్లి మెడ తాడు విప్పి కొత్త తాడు కట్టింది.

"ఇచ్చేస్తే నీకేముంటాది అని అడగవేంది మల్లేశా?"

"అడిగితే ఇయ్యవు కదా వదినా."

రంగక్క దొడ్డిలోకి పోయింది. గుండప్ప కూలబడిన మూలకు పోయి, పెంటికలు కలిసిన ఆ మెత్తటి మన్ను ఒక పిడికెడు తీసి కొంగు చివర ముడి వేసుకుంది. ఆటో వెనక బొల్లి పక్కనే కూర్చుంది. పావగడలో మల్లేశప్ప టీ తాగుదామన్నాడు. వద్దంది.

నిడుగల్లు కోట కొండ కింద, ఊరి చివర మల్లేశప్ప దొడ్డి. ముళ్లకంప తీసి, ముందుగా రంగక్కే లోపలికి నడిచింది. కొంగు ముడి విప్పి మన్ను గడప నుంచి లోపలిదాకా చల్లింది. బొల్లి మూతి నేలకు ఆనించి, ఆ వాసన పట్టుకుని, ఒక్కో అడుగు వేసుకుంటూ లోపలికి పోయింది. ఎనభై తలలు ఇటు తిరిగాయి. ఒక పొట్టేలు వచ్చి మూతితో నెట్టింది. రెండు గొర్రెలు వాసన చూసి వదిలేశాయి. అంతే.

మధ్యాహ్నానికి మందను వేరుశనగ పీకిన చేలోకి వదిలారు. రంగక్క గట్టు మీద కూర్చుంది. మందలో నల్లవే ఎక్కువ. బొల్లిని నుదుటి మచ్చ చూసి పట్టాలి. తలలన్నీ వంగి ఉన్నాయి. తల వంచి మేసే గొర్రె నుదుటి మచ్చ చూసేవాళ్లకు కనబడదు.

"బొల్లీ!" అని పిలిచింది ఒకసారి. ఏ తలా లేవలేదు.

"పిలుద్దునా నేను?" అన్నాడు మల్లేశప్ప. "కొట్టి లేపుతా అన్నిటినీ."

"వద్దు. మేస్తాండాది."

*

పావగడ బస్సు, అక్కడి నుంచి షేర్ ఆటో. ఇల్లు చేరేసరికి పొద్దు వాలింది. ప్లేట్ల వరసల మీద వెలుతురు ఎర్రబడి, తర్వాత బూడిద రంగు అయింది. దొడ్డి తడిక తీసే ఉంది. మూయబోయి, దేనికని వదిలేసింది. కొంగు ముడి నలిగిన చోట చిటికెడు మన్ను ఇంకా అంటుకుని ఉంది. దొడ్డిలో నిలబడి దాన్ని అక్కడే దులిపింది.

కుండలో నీళ్లు తాగింది. గడప మీద కూర్చుంది. ఇంటి ముందు ఏదీ కదలడం లేదు. పడమట ఆ శుక్రుడి చుక్క వెలిగింది. దాన్ని చూసి కళ్లు దించుకుంది. ఫోను తీసి రెండో మీట నొక్కి పట్టుకుంది.

అటువైపు బస్సుల హారన్లు, ఎవరిదో నవ్వు. ఆ తర్వాత చైత్ర గొంతు, బడిపిల్ల పాఠం అప్పజెప్పినట్టు: "జీవాలు బాగుండాయా రంగక్కా?"

"బాగుండాయి పాపా."

"ఉండాయా? ఒకటే కదా ఉండేది? ఇంకోటి కొన్నావా?"

"ఎనభై ఒకటి" అంది రంగక్క. "నిడుగల్లులో ఉండాయి. మేస్తాండాయి."

అవతల హారన్లు దూరమయ్యాయి, చైత్ర పక్కకు జరిగినట్టుంది.

"మన్ను తీసుకపోయినావా?" అని అడిగింది చైత్ర.

"పోయినా."

"కుదురుకునిందా?"

"పిలిస్తే పలకలే." రంగక్క ఫోను ఇంకో చెవికి మార్చుకుంది. "నీ జీవాలు? ఏమన్నా కనబడినాయా?"

"ఇంకా ఏమీ లేదు రంగక్కా. ఏండ్లు పడతాది. నా కాలంలో దొరుకుతాదో లేదో."

"దొరికితే ఫోను చెయ్యి."

"చేస్తా. దొరక్కపోతే?"

"దొరక్కపోయినా చెయ్యి పాపా."